నెల పడితే చాలదు.. నెలలు నిండాలి!

షుగర్‌ ఉన్న గర్భిణికి నొప్పులు ఎప్పుడు తెప్పించాలి?

తొమ్మిదో నెల పడిందంటే చాలు.. ఇంట్లో ఒకరు పంచాంగం తిరగేస్తారు. ‘షుగర్‌ ఉందన్నారు కదా, ఆలస్యమెందుకు, ఆపరేషన్‌ చేయించేద్దాం’ అని మరొకరు తొందరపెడతారు. గర్భిణి మాత్రం ఎటూ చెప్పలేక మౌనంగా ఉండిపోతుంది. నిజానికి కాన్పు రోజును ఖాయం చేయాల్సింది పంచాంగమూ కాదు, భయమూ కాదు. వారాల లెక్క, షుగర్‌ అదుపు, బిడ్డ పరిస్థితి.. ఈ మూడింటినీ చూసి వైద్యులు నిర్ణయించాలి.

ఆలస్యమైతే..

గర్భం దాల్చాక వచ్చే మధుమేహంలో తల్లి రక్తంలోని అదనపు గ్లూకోజు మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. దాన్ని తట్టుకునేందుకు బిడ్డ శరీరం ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఫలితంగా బరువు పెరిగి, భుజాల వద్ద కొవ్వు చేరుతుంది. కాన్పు సమయంలో తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది. షుగర్‌ అదుపు తప్పితే బిడ్డ కడుపులోనే ప్రాణం కోల్పోయే ముప్పూ పెరుగుతుంది. అందుకే నొప్పులు వాటంతటవే వచ్చే వరకు ఎన్నాళ్లయినా ఆగడం మంచిది కాదు.

తొందరపడితే..

బిడ్డ బొద్దుగా ఉన్నంత మాత్రాన ఎదుగుదల పూర్తయినట్లు కాదు. షుగర్‌ అదుపులో లేని తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తులు పక్వానికి రావడం ఆలస్యం కావచ్చు. ముందుగా పుడితే ఊపిరి అందక ఇంక్యుబేటర్‌లో ఉంచాల్సి రావచ్చు. పసిరికలు, రక్తంలో చక్కెర పడిపోవడం వంటి ఇబ్బందులూ ఎదురవుతాయి.

ఇక్కడే లెక్క తప్పుతోంది. చివరి నెలసరి మొదటి రోజు నుంచి ఎనిమిది నెలలు పూర్తయి తొమ్మిదో నెల పడేసరికి అయ్యేది సుమారు 35 వారాలే. తొమ్మిది నెలలు పూర్తిగా నిండితే 273 రోజులు, అంటే 39 వారాలు అవుతాయి. నెలసరి తేదీ సరిగా గుర్తులేని వారికి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే ఆధారం. ఆఖరి నెలల్లో తీసే స్కానింగ్‌తో వారాలను అంత కచ్చితంగా చెప్పలేరు. తొలి స్కానింగ్‌ కాగితాన్ని భద్రపరచాలి.

మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం..

* భోజనం చేసిన రెండు గంటల తర్వాత షుగర్‌ 120 లోపు ఉంటే అదుపులో ఉన్నట్లు. ఇలాంటివారికి నొప్పులు రాకపోతే 39 వారాలు నిండాక తెప్పించాలి.
* షుగర్‌ అదుపులో లేకున్నా, రక్తపోటు ఉన్నా, గతంలో బిడ్డ కడుపులోనే చనిపోయినా అంతకంటే ముందే కాన్పు చేయాల్సి రావచ్చు. ఏ వారంలో అన్నది వైద్యులు ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి నిర్ణయిస్తారు.
* బిడ్డ బరువు 4 కిలోలు దాటుతుందని అంచనా వేస్తే 39 వారాలకు సిజేరియన్‌ను పరిశీలిస్తారు. స్కానింగ్‌ బరువు అంచనాయే తప్ప తూకం కాదు.

ఆపరేషన్‌ తప్పనిసరి కాదు

షుగర్‌ ఉన్నంత మాత్రాన సిజేరియన్‌ అవసరం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే ఆపరేషన్‌ అన్నప్పుడు కారణం అడిగి తెలుసుకోవాలి.

‘నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనే’ అన్న భయమూ చాలామందిలో ఉంది. గర్భకాల మధుమేహం ఉన్న 425 మందిపై విదేశాల్లో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. 38-39 వారాల్లో నొప్పులు తెప్పించినవారిలోనూ, వేచి చూసినవారిలోనూ సిజేరియన్లు దాదాపు సమానంగానే ఉన్నాయి. అయితే ముందుగా తెప్పించినవారి బిడ్డల్లో పసిరికలు ఎక్కువగా కనిపించాయి. గర్భాశయ ముఖద్వారం మెత్తబడకుంటే జెల్‌, మాత్రలు వంటివి వాడతారు. నొప్పులు రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఇంటివారు ఓపిక పట్టాలి.

వైద్యులను ఇవి అడగండి

* తొలి స్కానింగ్‌ ప్రకారం నేటికి ఎన్ని వారాలు?
* ఈ రెండు వారాల్లో షుగర్‌ అదుపులో ఉందా?
* బిడ్డ బరువు, ఉమ్మనీరు ఎలా ఉన్నాయి?
* ఇంకా వేచి చూస్తే ముప్పేమిటి? ఇప్పుడే చేస్తే ముప్పేమిటి?

ముహూర్తం చూడాలనుకునేవారు వైద్యులు చెప్పిన రోజుల్లోనే చూసుకోవాలి. ముహూర్తం కోసం వారాలను ముందుకు జరపకూడదు. బిడ్డ కదలికలు తగ్గినట్లు అనిపిస్తే ఎన్నో వారమన్న లెక్క వద్దు. రాత్రయినా సరే 108కు ఫోన్‌ చేసి ఆసుపత్రికి చేరాలి.

కాన్పుతోనే పని ముగియదు. పుట్టిన గంటలోపే బిడ్డకు తల్లిపాలు పట్టాలి, చక్కెర పరీక్ష చేయించాలి. ఆరు వారాలకు తల్లి మళ్లీ షుగర్‌ పరీక్ష చేయించుకోవాలి. గర్భంలో వచ్చిన షుగర్‌ అప్పటికి తగ్గిపోయినా, తర్వాతి కాలంలో తిరిగి వచ్చే అవకాశం ఉంది.