చెర విడిచి వచ్చినవారు

మా హనుమకొండలో ఆదివారం నాడు చర్చికి వెళ్ళే కుటుంబాలవారికి ఎజ్రా, నెహెమ్యా అనే పేర్లు కొత్తవి కావు. బైబిలు పాత నిబంధనలో ఆ పేర్లతో రెండు చిన్న గ్రంథాలున్నాయి. చరిత్ర మీద మోజు కొద్దీ వాటిని తిరగేసినప్పుడల్లా నాకు మాత్రం ఓరుగల్లు కోట కళ్ళకు కడుతుంది. ఎందుకో చెబుతాను.

క్రీ. పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము పట్టణాన్ని పట్టుకొని, సొలొమోను కట్టించిన దేవాలయాన్ని తగులబెట్టించాడు. రాజకుటుంబాన్ని, యాజకులను, పనితనం తెలిసిన వారిని తన దేశానికి తరలించుకుపోయాడు. ద్రాక్షతోటలు చూసుకోవడానికి బీదసాదలను మాత్రం అక్కడే వదిలేశాడు. యూదుల చెర అంటే ఇదే. అర్ధశతాబ్దం గడిచాక పారసీక చక్రవర్తి కోరెషు బబులోనును జయించి, వెళ్ళి మీ గుడి మీరు కట్టుకోండని సెలవిచ్చాడు. కొల్లపోయిన వెండి బంగారు పాత్రలు 5,400 లెక్కపెట్టి మరీ ఇప్పించాడట! తిరిగి వచ్చినవారు 42,360 మంది అని ఎజ్రా గ్రంథం లెక్క.

కొత్త గుడికి పునాది వేసిన రోజున ఒక చిత్రం జరిగింది. కుర్రకారు సంతోషంతో కేకలు వేశారు. పాత గుడిని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు బావురుమన్నారు. దూరాన విన్నవారికి ఏది ఆనందమో, ఏది ఏడుపో తెలియలేదట. ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఆ గ్రంథం చదవవచ్చు.

క్రీ. పూ. 516 నాటికి గుడి లేచింది. అయితే అంతకన్నా గట్టి పని తరువాతి శతాబ్దంలో ఎజ్రా చేశాడు. ఆడా మగా అందరినీ నీటిగుమ్మం ఎదుట మైదానంలో చేర్చి, తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. లేవీయులు దాని అర్థం జనానికి విడమరచి చెప్పారు. గర్భగుడిలోని మతం అలా వీధిలోకి, ఇంటిలోకి వచ్చింది. క్రీ. శ. 70లో రోమనులు రెండో గుడిని కూడా కూల్చినా యూదమతం నిలిచిందంటే, ఆ చదువే దానికి ఆధారం.

ఇక మన ఊరి సంగతి. 1323లో ఢిల్లీ సేనలతో ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. ముందుముందు మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పేరుపడ్డవాడు ఇతడే. బందీగా ఢిల్లీకి సాగిన ప్రతాపరుద్రుడు దారిలో నర్మదాతీరాన కన్నుమూశాడు. కోట నడిబొడ్డున ఉన్న స్వయంభూదేవుని ఆలయం నేలమట్టమైంది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి నడుమ మసీదు కట్టదలచి, ఆవరణకు అందంగా ఉంటాయని తోరణాలను అట్టే ఉంచారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఊరిపేరు కూడా సుల్తాన్‌పూర్‌గా మారింది.

తరువాత లేచినవారు ముసునూరి నాయకులు. ప్రోలయనాయకుడు గోదావరి ప్రాంతాన రేకపల్లిని రాజధానిగా చేసుకున్నాడు. ఆయన ఇచ్చిన విలస తామ్రశాసనాన్ని చదివితే నెహెమ్యా గ్రంథం చదువుతున్నట్టే ఉంటుంది. రాజు పోయాక అగ్రహారాలు అన్యుల పాలయ్యాయనీ, యజ్ఞాలు ఆగిపోయాయనీ, రైతుకు పంట దక్కలేదనీ శాసనకవి ఏకరువు పెడతాడు. ప్రోలయ వచ్చి అగ్రహారాలను తిరిగి ఇప్పించాడనీ, హోమాలు మళ్ళీ వెలిగాయనీ, రైతులు ఆరోభాగం పన్ను తమంతట తామే తెచ్చి ఇచ్చారనీ అంటాడు. పన్ను సంతోషంగా కట్టిన రైతును నేనైతే చూడలేదు. కొలువులో కవి ప్రభువును పొగడక ఏం చేస్తాడు? అయినా పోయిన ధర్మాన్ని నిలబెట్టడమంటే ఆనాటివారికి ఏమి స్ఫురించిందో ఆ రాగిరేకులు చెబుతున్నాయి. గుడిగోపురాలకన్నా ముందు చదువు, క్రతువు, చదివేవాడి భుక్తికి భూమి. ఎజ్రా బాటే ఇది. అగ్రహారం వెలుపలివాళ్ళు ఏ దేవుణ్ణి ఎలా నిలుపుకున్నారో శాసనంలో వెదికితే దొరకదు.

1336లో ప్రోలయ పినతండ్రి కొడుకు కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి సాధించాడు. అప్పుడు కోటను వదిలి ఢిల్లీకి పరుగెత్తిన పాలకుడు ఎవరనుకున్నారు? మాలిక్ మక్బూల్. ప్రతాపరుద్రుని కొలువులోనే ఉన్న తెలుగువాడు! బందీగా వెళ్ళి, ఇస్లాం స్వీకరించి, ఏలికగా తిరిగి వచ్చాడు. తరువాత ఢిల్లీలో ఫిరోజ్‌షా తుగ్లక్‌కు వజీరు కూడా అయ్యాడు. చెర నుంచి సొంత ఊరికి వచ్చినవాడు ఆయనా, కాపయా?

కాపయ కాలమంతా కత్తి మీద సాము. బహమనీలకు గోలకొండ ఇచ్చుకున్నాడు, చివరకు రేచర్ల వారితో పోరులో ప్రాణమే ఇచ్చాడు. యూదులకు కోరెషు ఖజానా ఉంది, కాపయకు ఎవరున్నారు? స్వయంభూ ఆలయం మళ్ళీ లేవలేదు. కోటలోని శంభునిగుడిలో నేడు పూజలందుకునే చతుర్ముఖలింగం ఆ ఆలయానిదేనంటారు.

ఓరుగల్లులో శిథిలమైన గుడి తిరిగి వెలగడం ఈ కాలంవారు ఎరిగినదే. జీర్ణించిపోయిన భద్రకాళి గుడిని 1950లో గణపతిశాస్త్రి అనే ఉపాసకుడు ఊరి వర్తకుల, పెద్దల సాయంతో ఉద్ధరించారు. ఉగ్రమూర్తి నాలుకపై అమృతబీజాక్షరాలు రాసి అమ్మవారిని శాంతింపజేశారంటారు. రాజుతో పనిలేకుండా జరిగిన ఉద్ధరణ అది.

ఎజ్రా గ్రంథంలో నాకు మింగుడుపడని చోటు ఒకటుంది. గుడి కడుతుంటే ఉత్తరాన సమరయ ప్రాంతంవారు వచ్చి, మేమూ మీ దేవుణ్ణే కొలుస్తున్నాము, మేమూ కడతామన్నారు. మీకూ మాకూ పొత్తు లేదు పొమ్మన్నారు చెరనుంచి వచ్చినవారు. ఆ ఉత్తరదేశం ఎఫ్రాయిము మొదలైన పది గోత్రాలది. అస్సూరువారు క్రీ. పూ. 722లో దానిని జయించి జనాన్ని చెదరగొట్టారు. వాళ్ళకు కోరెషు దొరకలేదు, తిరిగి రానేలేదు.

ఆ ఎఫ్రాయిము సంతతి మేమేనని గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు చెప్పుకుంటున్నాయి. మొదట క్రైస్తవులే. 1980ల నుంచి యూదాచారం పట్టి, 1991లో సమాజమందిరం కట్టుకున్నారు. బెనె ఎఫ్రాయిము అని పేరు పెట్టుకున్నారు. ఎగొరోవా, పర్వేజ్ అనే పండితులు వీరిపై రాసిన ఇంగ్లీషు గ్రంథం 2013లో వెలువడింది. మిజోరం, మణిపూర్‌లలోని బ్నేయ్ మెనాషేలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించారు. మన తెలుగువారికి అటువంటి అంగీకారం లభించలేదు. రుజువేదీ అంటే చూపడానికి రాగిరేకులు లేవు. పెద్దల నోటిమాట ఉంది. పెద్దకాలువో చిన్నకాలువో, వీరిది మాత్రం తామే తవ్వుకున్న కాలువ. పుస్తకాలు ముందు పెట్టుకొని హెబ్రీ అక్షరాలు దిద్దుకుంటూ, తెలుగులో అర్థం చెప్పుకుంటూ, శుక్రవారం సాయంత్రం విశ్రాంతిదినానికి దీపాలు వెలిగిస్తారు.