పాఠం - 9: జాతీయ రగ్బీ జట్టు స్క్రమ్‌కు ముందు వరుస ఆటగాళ్ల ఎంపిక

విషయ క్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 స్క్రమ్ నిర్మాణం - ముందు వరుస స్థానాలు
9.3 నియమాలు ఎంపికను ఎలా నిర్ణయిస్తాయి?
9.4 ఎంపికలో పాటించవలసిన క్రమం
9.5 దక్షిణాఫ్రికా అనుభవం: మూడు ఉదాహరణలు
9.6 సారాంశం
9.7 కీలక పదాలు
9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్క్రమ్ ముందు వరుసలోని మూడు స్థానాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• మైదానంలో ముగ్గురే ఆడే ఈ వరుసకు ఆరుగురిని ఎందుకు ఎంపిక చేస్తారో చెప్పగలుగుతారు.
• ఒక జాతీయ జట్టు ఎంపికలోని లాభనష్టాలను అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

జట్టు ఎంపిక అనగానే ప్రతి స్థానానికీ అందరికంటే బాగా ఆడేవాడిని తీసుకుంటే సరిపోతుందని అనుకుంటాం. చాలా ఆటల్లో చాలా స్థానాలకు ఈ సూత్రం వర్తిస్తుంది. కానీ రగ్బీ స్క్రమ్ ముందు వరుసకు అది చాలదు. ఇక్కడ ఒకరి బలం పక్కవాడి మీదా, వెనుక తోసేవాడి మీదా, ఎదుట నిలిచేవాడి మీదా ఆధారపడుతుంది. పైగా ఎంపిక తప్పితే పోయేది పాయింట్లు మాత్రమే కాదు, ఆటగాడి మెడకు, వెన్నెముకకు ప్రమాదం కలగవచ్చు.

మన ప్రాంతంలో రగ్బీ చూసినవారు ఎక్కువగా ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్‌నే చూసి ఉంటారు. 2025లో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడింది ఆ రూపమే. అందులో స్క్రమ్‌కు ఇరువైపులా ముగ్గురు చొప్పున ఉంటారు, అది క్షణాల్లో ముగిసిపోతుంది. ఈ పాఠంలో మనం చర్చించేది పదిహేనుగురు ఆడే రగ్బీ. అందులో స్క్రమ్‌కు ఇరువైపులా ఎనిమిదేసి మంది ఉంటారు. ఈ రెండింటినీ ఒకటిగా భావించకండి.

9.2 స్క్రమ్ నిర్మాణం - ముందు వరుస స్థానాలు

బంతి చేతి నుంచి ముందుకు జారిపోవడం వంటి చిన్న తప్పిదం జరిగినప్పుడు ఆటను తిరిగి మొదలుపెట్టే పద్ధతి స్క్రమ్. ఇరు జట్ల ఫార్వర్డ్‌లు మూడు వరుసలుగా ఒకరినొకరు పట్టుకొని, వంగి, ఎదుటి జట్టుతో భుజాలు కలుపుతారు. మధ్యలో ఏర్పడిన సందులోకి స్క్రమ్ హాఫ్ బంతిని వేస్తాడు. అంతర్జాతీయ స్థాయిలో ఒక జట్టు ఎనిమిది మంది బరువు కలిపితే సుమారు 900 కిలోలు ఉంటుంది. ఆ తోపు అంతా ముందు వరుసలోని ముగ్గురి మెడలు, భుజాలు, నడుముల మీదుగా ఎదుటివారికి చేరుతుంది.

(అ) లూజ్‌హెడ్ ప్రాప్ (1వ నంబరు): ఎడమ వైపు ఉంటాడు. అతని తల ఎడమ పక్క బయటికి ఉంటుంది కాబట్టి ఎదురుగా ఒక్కరి ఒత్తిడే ఉంటుంది. కదలడానికి, ఎదుటి ప్రాప్ అమరికను చెదరగొట్టడానికి ఇతనికి కొంత వెసులుబాటు ఉంటుంది.

(ఆ) హుకర్ (2వ నంబరు): మధ్యలో ఉంటాడు. ఇరుపక్కల ప్రాప్‌లను పట్టుకొని, బంతిని కాలితో వెనక్కి లాగుతాడు. ముగ్గురి కదలికను ఒక్కటిగా నడిపేది ఇతనే. లైన్ అవుట్‌లో బంతిని విసరడం కూడా సాధారణంగా ఇతని పనే.

(ఇ) టైట్‌హెడ్ ప్రాప్ (3వ నంబరు): కుడి వైపు ఉంటాడు. ఇతని తల ఎదుటి లూజ్‌హెడ్‌కు, హుకర్‌కు మధ్య ఇరుక్కుంటుంది. ఇద్దరి తోపును ఒక్కడే భరించాలి. ఇతను వెనక్కి జరిగితే స్క్రమ్ మొత్తం తిరిగిపోతుంది, లేదా కూలుతుంది. అందుకే లాక్‌లు ఇద్దరిలో బరువైనవాడిని సాధారణంగా టైట్‌హెడ్ వెనుక నిలుపుతారు.

1వ నంబరు, 3వ నంబరు ఆటగాళ్లను ఇద్దరినీ ప్రాప్ అనే పిలిచినా, వారి పని ఒకటి కాదు. కబడ్డీలో ఎడమ కార్నర్‌కు అలవాటుపడిన ఆటగాడిని ఉన్నట్టుండి కుడి కార్నర్‌లో నిలబెడితే కాళ్లూ చేతులూ తడబడతాయి. స్క్రమ్‌లో ఆ తడబాటు వందల కిలోల ఒత్తిడి కింద జరుగుతుంది. రెండు వైపులా అంతర్జాతీయ స్థాయిలో ఆడగలిగిన ప్రాప్‌లు అరుదు. దక్షిణాఫ్రికాకు చెందిన ట్రెవర్ న్యాకానె వంటివారికి ఎంపికలో విలువ పెరగడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
టైట్‌హెడ్ ప్రాప్ మీద లూజ్‌హెడ్ కంటే ఎక్కువ ఒత్తిడి ఎందుకు పడుతుంది? మూడు వాక్యాల్లో రాయండి.

9.3 నియమాలు ఎంపికను ఎలా నిర్ణయిస్తాయి?

ముందు వరుస విషయంలో సెలక్టర్లకు పూర్తి స్వేచ్ఛ లేదు. భద్రత కోసం ఏర్పడిన నియమాలు వారి చేతులను కొంతవరకు కట్టేస్తాయి.

మొదటిది, స్క్రమ్ ముందు వరుసలో ఆడేవాడు ఆ స్థానంలో తగిన శిక్షణ పొంది ఉండాలి. ఏ ఆటగాడు ఏ స్థానంలో ఆడగలడో ఆటకు ముందే అధికారులకు తెలియజేయాలి.

రెండవది, 23 మందితో కూడిన జట్టులో ముందు వరుసకు అర్హులు కనీసం ఆరుగురు ఉండాలి. అంటే లూజ్‌హెడ్, హుకర్, టైట్‌హెడ్ స్థానాల్లో ఎవరు మొదట గాయపడినా, ఆ స్థానానికి తగినవాడు బెంచీ మీద సిద్ధంగా ఉండాలి.

మూడవది, తగిన ఆటగాళ్లు లేకపోతే రిఫరీ పోటీ లేని స్క్రమ్‌లకు ఆదేశిస్తాడు. అప్పుడు ఎవరూ తోయకూడదు. బంతి వేసిన జట్టుకే బంతి దక్కుతుంది. స్క్రమ్‌లో బలమైన జట్టు తన ప్రధాన ఆయుధాన్ని కోల్పోతుంది.

ఇక 2013 నుంచి రిఫరీ పిలుపు క్రమం మారింది. వంగడం, పట్టుకోవడం, కలవడం అనే మూడు దశల్లో, ప్రాప్‌లు ఢీకొనడానికి ముందే ఎదుటివారి చొక్కాను పట్టుకోవాలి. దీనివల్ల తొలి తాకిడి తీవ్రత తగ్గింది. తాకిడితోనే పైచేయి సాధించే ఆటగాడి కంటే, ఆ తరువాత ఒత్తిడిని నిలకడగా మోసే ఆటగాడికి ప్రాధాన్యం పెరిగింది. నియమం మారితే ఎంపిక ప్రమాణం కూడా మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

9.4 ఎంపికలో పాటించవలసిన క్రమం

పై అంశాలను బట్టి ముందు వరుస ఎంపికను ఈ కింది మెట్లుగా విభజించుకోవచ్చు.

1. భద్రత: ఆ స్థానంలో ఆ స్థాయి ఒత్తిడిని తట్టుకునే మెడ బలం, శరీర అమరిక, అనుభవం ఉన్నాయా? లేకపోతే మిగిలిన ప్రతిభ ఎంత ఉన్నా పరిశీలించనక్కరలేదు.

2. టైట్‌హెడ్: ఈ స్థానం కుదిరితేనే స్క్రమ్ నిలుస్తుంది. కాబట్టి కూర్పును ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

3. కూర్పు: ముగ్గురి ఎత్తు, వంగే తీరు, పట్టు ఒకదానితో ఒకటి కలవాలి. వేర్వేరుగా చూస్తే గొప్పవారైన ముగ్గురు కలిసినప్పుడు గొప్ప వరుస కాకపోవచ్చు.

4. ప్రత్యర్థి: మన టైట్‌హెడ్ ఎదుట నిలిచే లూజ్‌హెడ్ ఎవరు? పొట్టిగా, కింది నుంచి పైకి తోసేవాడా? పక్క నుంచి లోపలికి కోసుకువచ్చేవాడా?

5. కాలం: 80 నిమిషాల ఆటలో మొదటి ముగ్గురు ఎంతసేపు ఉంటారు? చివరి అరగంటలో ఎవరుంటారు?

6. ఇతర పనులు: టాకిల్ చేయడం, బంతి మోయడం, హుకర్ అయితే లైన్ అవుట్ విసురు.

ఆరవ మెట్టు చివర ఉన్నంత మాత్రాన అది చిన్నదని కాదు. ఒక ఆటలో స్క్రమ్‌లు జరిగే సమయం తక్కువ, మిగిలిన ఆట ఎక్కువ. అయితే స్క్రమ్‌లో వచ్చే ఒక్క పెనాల్టీని గోలుకు తన్నితే 3 పాయింట్లు దక్కవచ్చు. లేదా బంతిని పక్క గీత దాటించి ఎన్నో మీటర్లు ముందుకు వెళ్లి, లైన్ అవుట్ విసిరే హక్కును కూడా దక్కించుకోవచ్చు. అందుకే పెద్ద పోటీల్లో స్క్రమ్ బలహీనంగా ఉన్న జట్టు మిగతా ఆట బాగా ఆడినా నిలబడటం కష్టం.

9.5 దక్షిణాఫ్రికా అనుభవం: మూడు ఉదాహరణలు

9.5.1 లయన్స్ సిరీస్, 2009

బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ అనేది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు. 2009లో అది దక్షిణాఫ్రికాలో పర్యటించింది. డర్బన్‌లో జరిగిన మొదటి టెస్టులో దక్షిణాఫ్రికా లూజ్‌హెడ్ తెండాయి మ్తావరీరా, అనుభవజ్ఞుడైన టైట్‌హెడ్ ఫిల్ వికరీని పదే పదే ఇబ్బంది పెట్టాడు. పెనాల్టీలు వరుసగా వచ్చాయి. రెండో అర్ధభాగం మొదట్లోనే వికరీ స్థానంలో ఆడమ్ జోన్స్ వచ్చాడు. దక్షిణాఫ్రికా 26-21తో గెలిచింది.

ప్రిటోరియాలో జరిగిన రెండో టెస్టుకు లయన్స్ ఆడమ్ జోన్స్‌నే మొదటి నుంచి ఆడించారు. మొదటి టెస్టు నాటి ఇబ్బంది కనిపించలేదు. అయితే రెండో అర్ధభాగంలో లయన్స్ ప్రాప్‌లు గెతిన్ జెంకిన్స్, ఆడమ్ జోన్స్ ఇద్దరూ గాయాలతో బయటికి వెళ్లారు. స్క్రమ్‌లు పోటీ లేకుండా జరిగాయి. అప్పటివరకు ఆధిక్యంలో ఉన్న లయన్స్ చివరికి 28-25తో ఓడిపోయారు. జొహనెస్‌బర్గ్‌లో జరిగిన మూడో టెస్టుకు వికరీ తిరిగి వచ్చాడు. ఈసారి లయన్స్ 28-9తో గెలిచారు.

ఇక్కడ మరో విషయం గమనించండి. అప్పటి దక్షిణాఫ్రికా కెప్టెన్ జాన్ స్మిట్ సహజంగా హుకర్. బిస్మార్క్ డు ప్లెసిస్ కూడా గొప్ప హుకర్ కావడంతో, ఇద్దరినీ ఆడించడానికి స్మిట్‌ను టైట్‌హెడ్‌గా నిలిపారు. నాయకత్వం కోసం స్థాన నైపుణ్యంలో కొంత రాజీపడిన నిర్ణయం ఇది. సిరీస్ గెలిచారు కాబట్టి అది సరైనదే అని తేల్చడానికి వీల్లేదు. ఫలితాన్ని ఒకటిగా, నిర్ణయాన్ని మరొకటిగా చూడటం అలవాటు చేసుకోండి.

9.5.2 ప్రపంచ కప్ ఫైనల్, 2019

2019 నవంబరు 2న యొకొహామాలో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ తలపడ్డాయి. దక్షిణాఫ్రికా ముందు వరుసలో మ్తావరీరా, బోంగి ఎంబొనాంబి, ఫ్రాన్స్ మల్హెర్బ ఆట మొదలుపెట్టారు. బెంచీ మీద స్టీవెన్ కిట్సాఫ్, మాల్కం మార్క్స్, విన్సెంట్ కాక్ ఉన్నారు. కోచ్ రాసీ ఎరాస్మస్ బెంచీలోని ఎనిమిది స్థానాల్లో ఆరింటిని ఫార్వర్డ్‌లకే ఇచ్చాడు. సాధారణంగా ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు ఉంటారు.

ఆట మూడో నిమిషంలోనే ఇంగ్లండ్ టైట్‌హెడ్ కైల్ సింక్లర్ తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. డాన్ కోల్ దాదాపు ఆట మొత్తం ఆడవలసి వచ్చింది. అతనికి విశ్రాంతినిచ్చే మరో టైట్‌హెడ్ లేడు. ఎదుట మాత్రం మ్తావరీరా అలసే సమయానికి కిట్సాఫ్ కొత్త బలంతో దిగాడు. మొదటి అర్ధభాగంలోనే ఎంబొనాంబి గాయపడినా, మార్క్స్ రావడంతో స్క్రమ్ బలం తగ్గలేదు. హాండ్రే పొలార్డ్ కొట్టిన ఆరు పెనాల్టీ గోల్స్‌లో కొన్ని స్క్రమ్ తప్పిదాల నుంచే వచ్చాయి. దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది.

దీని నుంచి గ్రహించవలసింది ఏమిటి? బెంచీ మీది టైట్‌హెడ్ చివరి 20 నిమిషాలకు మాత్రమే పనికివచ్చేవాడైతే చాలదు. అవసరమైతే 77 నిమిషాలు మోయగలగాలి. దక్షిణాఫ్రికా ఎంచుకున్నది ముగ్గురిని, వారికి ముగ్గురు సహాయకులను కాదు. రెండు సంపూర్ణమైన ముందు వరుసలను.

9.5.3 ప్రపంచ కప్, 2023

ఫ్రాన్స్‌లో జరిగిన ఈ పోటీకి దక్షిణాఫ్రికా తీసుకువెళ్లిన నిపుణులైన హుకర్లు ఇద్దరే: ఎంబొనాంబి, మార్క్స్. స్కాట్లండ్‌తో మొదటి ఆట తరువాత సాధనలో మార్క్స్ మోకాలికి గాయమైంది. అతని స్థానంలో మరో హుకర్ వస్తాడని అందరూ అనుకున్నారు. కానీ పిలుపు వచ్చింది గోలు తన్నడంలో నిపుణుడైన పొలార్డ్‌కు. రెండో హుకర్ బాధ్యత డియోన్ ఫౌరీ మీద పడింది. అతను పూర్వం హుకర్‌గా ఆడినవాడే అయినా ఆ నాటికి ప్రధానంగా ఫ్లాంకర్.

ఇంగ్లండ్‌తో జరిగిన సెమీఫైనల్‌లో ఈ నిర్ణయం లాభం కనిపించింది. దక్షిణాఫ్రికా 6-15తో వెనుకబడిన దశలో, బెంచీ నుంచి వచ్చిన ప్రాప్‌లు ఆక్స్ ఎన్చే, విన్సెంట్ కాక్ స్క్రమ్‌ను తమవైపు తిప్పారు. చివరి నిమిషాల్లో స్క్రమ్ పెనాల్టీ వచ్చింది. దాన్ని దూరం నుంచి గోలు చేసింది పొలార్డ్. దక్షిణాఫ్రికా 16-15తో గెలిచింది.

న్యూజిలాండ్‌తో ఫైనల్‌లో అదే నిర్ణయం నష్టం కనిపించింది. తొలి నిమిషాల్లోనే ఎంబొనాంబి గాయపడ్డాడు. 37 ఏళ్ల ఫౌరీ దాదాపు ఆట మొత్తం హుకర్‌గా నిలిచాడు. స్క్రమ్‌లో తట్టుకున్నా, లైన్ అవుట్‌లో జట్టు ఇబ్బంది పడింది. చివరికి 12-11తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో, కప్పు దక్కింది. ఒకే నిర్ణయం వారం తేడాతో వరంగానూ, ముప్పుగానూ మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మీరు జాతీయ సెలక్టర్. ఫైనల్‌కు రెండు రోజుల ముందు మీ రెండో హుకర్ గాయపడ్డాడు. మీ ముందు ఇద్దరున్నారు: స్క్రమ్‌లో దృఢమైనవాడే కాని లైన్ అవుట్ విసురు తప్పే యువ హుకర్, చక్కగా విసిరే, పూర్వం హుకర్‌గా ఆడిన ఫ్లాంకర్. ఎవరిని తీసుకుంటారు? 9.4లోని మెట్ల వరుసలో కారణాలు రాయండి.
సూచన: మొదటి మెట్టులో ఫ్లాంకర్ నిలవకపోతే మిగిలిన మెట్లకు వెళ్లనక్కరలేదు. నిలిస్తే, ప్రత్యర్థి బలం స్క్రమ్‌లో ఉందా, లైన్ అవుట్‌లో ఉందా అన్నది నిర్ణాయకమవుతుంది.

9.6 సారాంశం

స్క్రమ్ ముందు వరుసలో లూజ్‌హెడ్, హుకర్, టైట్‌హెడ్ అనే మూడు స్థానాలున్నాయి. వాటి పనులు వేరు, ఒకరి బదులు మరొకరిని సులభంగా మార్చలేం. భద్రతా నియమాల వల్ల 23 మందిలో ముందు వరుసకు ఆరుగురు తప్పనిసరి. ఎంపికలో భద్రత మొదటిది. తరువాత టైట్‌హెడ్, కూర్పు, ప్రత్యర్థి, కాలం, ఇతర పనులు వస్తాయి. 2009 సిరీస్ ప్రత్యర్థిని బట్టి మార్పు అవసరాన్ని, 2019 ఫైనల్ బెంచీ విలువను, 2023 పోటీ ప్రతి ఎంపికలో దాగి ఉన్న వెలను చూపించాయి. మంచి సెలక్టర్ అంటే ముప్పు లేని జట్టును ఎన్నుకునేవాడు కాదు, అటువంటి జట్టు ఉండదు. తాను ఏ ముప్పును ఒప్పుకుంటున్నాడో ముందే తెలిసినవాడు.

9.7 కీలక పదాలు

పోటీ లేని స్క్రమ్: తోపు లేకుండా జరిగే స్క్రమ్. బంతి వేసిన జట్టుకే బంతి దక్కుతుంది.
బెంచీ: ఆట మధ్యలో దిగడానికి సిద్ధంగా ఉంచే ఎనిమిది మంది.
లైన్ అవుట్: బంతి పక్క గీత దాటినప్పుడు, విసిరిన బంతికోసం ఇరు జట్లు పోటీపడే పద్ధతి.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ముందు వరుస ఆటగాళ్ల ఎంపికలో పాటించవలసిన మెట్లను ఉదాహరణలతో వివరించండి.
2. 2023 ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికా హుకర్ల విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోటీ లేని స్క్రమ్ ఏ జట్టుకు నష్టం? ఎందుకు?
2. 2013 నాటి మార్పు ప్రాప్‌ల ఎంపికపై చూపిన ప్రభావం ఏమిటి?