గ్రిజ్లీ సీమలో ఎల్కు వేట: ముందుగా వేసుకోవలసిన లెక్కలు

ఉత్తర అమెరికా ఖండానికి వెన్నెముకవలె రాకీ పర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి వ్యాపించి ఉన్నవి. ఆ పర్వతాలలో వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాలు కలిసేచోట ఎల్లోస్టోన్ జాతీయవనం ఉన్నది. 1872లో ఏర్పడిన ఈ వనంలో వేట నిషిద్ధం. కాని దాని సరిహద్దు దాటిన తరువాత వచ్చే అడవులలో, ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుతో, నిర్ణయించిన రోజులలో ఎల్కు అనే పెద్ద జింకను వేటాడవచ్చు. ఏటా సెప్టెంబరు మొదట్లో విల్లంబులతో వేట ఆరంభమవుతుంది. కొన్ని మారుమూల అరణ్యాలలో ఆ నెల మధ్యనుంచే తుపాకిని కూడా అనుమతిస్తారు. ఇదే తొలి ఋతువు వేట.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ విల్లు చేతపట్టనక్కరలేదు. అయినా ఈ వేటను గూర్చి తెలుసుకోవడంలో ఒక ప్రయోజనం ఉన్నది. ఉష్ణవహనం, గాలుల పుట్టుక, జంతువుల ఆహారం అంటూ మనం తరగతిలో వేర్వేరు గంటలలో చెప్పే పాఠాలన్నీ ఆ కొండలలో ఒకే సాయంకాలం ఒకే మనిషి మీదికి వచ్చి పడతాయి. లెక్క తప్పితే వంద కిలోల మాంసం చెడిపోవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చు.

ముందుగా ఈ జంతువు పేరు సంగతి. ఐరోపాలో ఎల్కు అంటే వేరే జంతువు. దానిని అమెరికాలో మూస్ అంటారు. అమెరికా ఎల్కును అక్కడి ఆదివాసులలో షానీ జాతివారు వాపిటి అన్నారు. తెల్లని పిరుదులు గలది అని ఆ మాటకు అర్థం. ఎదిగిన మగ ఎల్కు సుమారు 300 కిలోల బరువు ఉంటుంది. మన అడవులలోని కణుజును చూసినవారు దానికి ఒక చెయ్యి ఎక్కువగా ఊహించుకుంటే చాలు. సెప్టెంబరు దీనికి జతకట్టే కాలం. మగవి ఆడమందలను కాచుకుంటూ, ఒకదానినొకటి సవాలు చేస్తూ కేకలు వేస్తాయి. అంత పెద్ద శరీరం నుంచి వచ్చే ఆ కేక గర్జన కాదు, సన్నని ఈల! దాని కంపనసంఖ్య సెకనుకు 4,000 వరకు పోతుంది. ఆ ఈలతోపాటు అదే గొంతునుంచి 150 కంపనాల మొరటు ధ్వని కూడా వస్తుందని 2016లో శాస్త్రజ్ఞులు చూపారు. వేటగాడు ఒక గొట్టం ఊది ఆ కేకను అనుకరిస్తాడు, లేదా ఆడదాని పిలుపును అనుకరిస్తాడు. మదించిన మగది ప్రత్యర్థి వచ్చాడనుకొని దగ్గరకు వస్తుంది.

సరిగా అదే నెలలో ఆ కొండలలో మరొక జంతువు తిండికోసం తిరుగుతూ ఉంటుంది. అది గ్రిజ్లీ ఎలుగు. మన నల్లమలలోను, శ్రీకాకుళం తోటలలోను కనిపించే ఎలుగుబంటి చెదలు, చీమలు, తేనె, పండ్లతో పొట్ట నింపుకొంటుంది. దానికి చలినిద్ర లేదు. గ్రిజ్లీ సంగతి వేరు. నవంబరు ప్రాంతంలో గుహ చేరితే వసంతం వచ్చేదాకా అది ఏమీ తినదు. ఆ నెలలన్నిటికి చాలిన కొవ్వును వేసవి చివరినుంచి కూడబెట్టుకోవాలి. అందుకని ఆ రోజులలో అది దినానికి 20,000 కిలోకాలరీల వరకు తింటుంది. మనలో ఒకరు తినేదానికి ఎనిమిది పది రెట్లు. శిఖరాల దగ్గర రాళ్ళ కింద దాగే ఒక జాతి చిమ్మెటలను ఒక్క దినంలో 40,000 దాకా ఏరుకొని తింటుందంటే దాని ఆకలిని ఊహించవచ్చు. వైట్‌బార్క్ అనే దేవదారు జాతి చెట్టు గింజలు దానికి ఇంకొక ముఖ్యాహారం. ఆ చెట్లు పురుగువల్లా, తెగులువల్లా విరివిగా చనిపోతున్నవి. 2022లో అమెరికా ప్రభుత్వం ఆ చెట్టును ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. గింజలు లేని ఏడు మాంసం కోసం ఎలుగు మరింతగా తిరుగుతుంది.

గ్రిజ్లీకి 1975లో చట్టరక్షణ లభించింది. 2017లో ఎల్లోస్టోన్ ప్రాంతపు ఎలుగులకు దానిని తొలగించారు. 2018లో న్యాయస్థానం తిరిగి ఇచ్చింది. రక్షణ ఫలితంగా ఒకప్పుడు రెండు వందలకు లోపే ఉన్న ఈ ప్రాంతపు ఎలుగులు వెయ్యి దరిదాపులకు పెరిగినవి. సంతోషించవలసిన విషయమే. కాని ముప్పై నలభై ఏళ్ళ క్రితం ఎలుగు లేని లోయలలో నేడు ఎలుగు ఉన్నది. వేటగాడు వదలివెళ్ళే పేగులకుప్ప దానికి అప్రయత్నంగా దొరికే విందు. వేట ప్రారంభమయ్యే రోజులలో కొన్ని ఎలుగులు వనం సరిహద్దు దాటి బయటికి కదలుతవని రేడియో పట్టీలు కట్టి చేసిన పరిశీలనలలో కనుగొన్నారు.

గ్రిజ్లీ సీమలో నడిచే యాత్రికులకు అక్కడి అటవీశాఖవారు చెప్పే సూచనలు తేలికైనవి. నలుగురూ కలిసి నడవండి. మాట్లాడుతూ, చప్పుడు చేస్తూ నడవండి. తెల్లవారుజామున, సంజవేళ తిరగకండి. మృతకళేబరం ఉన్నచోటికి పోకండి. ఇప్పుడు విల్లు పట్టిన వేటగాడిని చూడండి. ఒంటరిగానో, మరొకరితోనో పోతాడు. అడుగు చప్పుడు వినబడనీయడు. ఆకుల రంగు బట్టలు కట్టుకొంటాడు. ఎల్కు మేతకు వచ్చే వేళలు ఉదయసంధ్య, సాయంసంధ్య కనుక ఆ వేళలలోనే తిరుగుతాడు. గాలికి ఎదురుగా నడిచి తన వాసన తెలియనీయడు. పైగా ఆహారజంతువు గొంతుతో పిలుస్తాడు. చివరికి తానే ఒక కళేబరాన్ని సృష్టించి, దానిపై వంగి గంటల తరబడి పనిచేస్తాడు! యాత్రికునికి చెప్పిన సూత్రాలలో ఒక్కటైనా ఇతడు పాటించలేడు. పాటిస్తే వేట లేదు. ఇది అతని అజాగ్రత్త కాదు, ఆ పని స్వభావమే అటువంటిది. అందుచేత అతనికి మిగిలిన రక్షణ ఒక్కటే: జంతువు నేలకూలిన తరువాతి గంటలను ముందే లెక్కకట్టి పెట్టుకోవడం.

ఇందులో గాలి పాత్ర కొంచెం వివరించాలి. పగలు ఎండకు కొండచరియ వేడెక్కుతుంది. దాన్ని అంటిన గాలి తేలికై చరియ వెంట పైకి పాకుతుంది. సూర్యుడు దిగగానే చరియ త్వరగా చల్లబడి, గాలి బరువై, నీటివలె లోయలోకి దిగుతుంది. అనుభవం గల వేటగాడు ఉదయం ఎండ ఎక్కిన తరువాత ఎల్కుకు పైనుంచి, సాయంకాలం కిందినుంచి సమీపించడం ఇందువల్లనే. కాని సాయంత్రం కూలిన ఎల్కు వాసన రాత్రి పొడుగునా ఆ చల్లని గాలితో లోయలోకి ప్రవహిస్తుంది. లోయలో వాగు పక్కన పొదలలో పడుకొన్న ఎలుగు ముక్కుకు అది తగులుతుంది. తుపాకి మోగితే చాలు, బొంతకాకిని పోలిన రేవెన్ కాకులు చేరతాయని వయోమింగ్‌లో చేసిన పరిశీలనలో తేలింది. ఆ కాకుల గుంపు ఇతర జంతువులకు దూరంనుంచే ఆనవాలు.

ఇక ఉష్ణం. ఈ విషయం విద్యార్థులు కాగితం మీద లెక్క వేసి చూడదగినది. ఎల్కు శరీరోష్ణం 38 డిగ్రీలు అనుకొందాం. మాంసం పాడవకుండా ఉండాలంటే 4 డిగ్రీలకు దింపాలి. మాంసపు విశిష్టోష్ణం సుమారు 0.8. కనుక 300 కిలోల శరీరం నుంచి తీయవలసిన ఉష్ణం 300 × 0.8 × 34, అనగా ఎనిమిది వేల కిలోకాలరీలకు పైబడి. 20 డిగ్రీలలో ఉన్న నీటిని వంద లీటర్లు మరిగేదాకా కాచడానికి చాలిన ఉష్ణం అది! ఆ ఉష్ణాన్ని పోనీయకుండా దట్టమైన బొచ్చు కంబళివలె కప్పి ఉంటుంది. లోపల పెద్దపొట్టలో గడ్డి పులియడం జంతువు చచ్చినా ఆగదు. ఆ సూక్ష్మజీవులు మరికొంత వేడిని పుట్టిస్తూనే ఉంటాయి. అక్టోబరు చివర మంచు పడిన తరువాతి వేటలో ఇది అంత సమస్య కాదు. సెప్టెంబరులో అక్కడ మధ్యాహ్నపు వేడి 20 డిగ్రీలు దాటవచ్చు.

వెనుక తొడ దళసరి 20 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. దాని నడిమి వేడి రెండు వైపుల నుంచి బయటికి రావాలి. దళసరి రెట్టింపయితే బయటికి రావలసిన ఉష్ణం రెట్టింపవుతుంది. అంతేకాక దానిని బయటికి తోసే ఉష్ణోగ్రతల వాలు సగమవుతుంది. కనుక పట్టే కాలం నాలుగు రెట్లు. పైపొరను చల్లగా ఉంచగలిగినా 20 సెంటీమీటర్ల కండ లోపలి వేడి తగ్గడానికి సుమారు 20 గంటలు పడితే, 10 సెంటీమీటర్ల ముక్కకు అయిదు గంటలు చాలు. తోలు ఒలవడం, తొడలు వేరుచేయడం, ఎముక దగ్గరకు కోసి కండను తెరవడం ఇవన్నీ ఈ వర్గసూత్రాన్ని కత్తితో అమలుపరచడమే. అట్లా చేయకపోతే పైన చల్లగా, ఎర్రగా మంచిదిగానే కనిపించే తొడ తుంటికీలు దగ్గర లోపలినుంచి కుళ్ళుతుంది. ప్రాణవాయువు లేకుండానే పెరిగే బాక్టీరియా అక్కడ వెచ్చగా వృద్ధిపొందుతాయి. ఎముక దగ్గర పులిసింది అని వేటగాండ్రు ముక్కు మూసుకొంటారు. తినదగిన మాంసాన్ని వృథాచేయడం ఆ రాష్ట్రాలలో నేరం కూడాను.

ఈ విధంగా వేడి ఒకవైపు తొందరపెడుతుంది. ఎలుగు మరొకవైపు అక్కడ నిలవవద్దంటుంది. చీకటి పడితే రెండూ కలిసి వస్తాయి. 2018 సెప్టెంబరులో వయోమింగ్‌లోని టీటన్ అరణ్యంలో జరిగిన దుర్ఘటన ఇటువంటిదే. ఒక గైడు వెంట వచ్చిన వేటగాడు సాయంకాలం బాణంతో ఎల్కును కొట్టాడు. అది ఆ పూట దొరకలేదు. మరునాడు వెదకి కనుగొని కోస్తూ ఉండగా రెండు గ్రిజ్లీలు మీదపడినవి. వేటగాడు గాయాలతో బయటపడ్డాడు; గైడు మరణించాడు. వారి పిస్తోలు అప్పుడు కొద్దిగజాల దూరంలో సామానుతో ఉన్నది. గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, అంటే సెకనుకు పదిహేను మీటర్లు. యాభై మీటర్ల దూరంలో కనబడిన ఎలుగు మన చేయి సంచిలోకి పోయేలోగా మనమీద ఉంటుంది.

బాణం తగిలిన జంతువు వెంటనే పడదు. దానిని తరిమితే మరింత దూరం పోతుంది కనుక వేటగాడు కొంతసేపు, ఒక్కొక్కప్పుడు గంటలకొలది ఆగి వెదకాలి. అందువల్ల సాయంకాలం చివరి వెలుతురులో వేసే బాణం నిజానికి మరునాటి ఉదయానికి వేసే బాణం. రాత్రంతా మాంసం వెచ్చగా ఉంటుంది, వాసన లోయలోకి దిగుతుంది. ఎంత మంచి కొమ్ములు కనిపించినా ఆ వేళ విల్లు దించి వెనుకకు రావడమే సరి అయినదని నా అభిప్రాయం. ఉదయం కొట్టిన ఎల్కుకైతే పగలంతా చేతిలో ఉంటుంది.

తరువాత మోత లెక్క. ఎముకలు తీసిన మాంసం సుమారు వంద కిలోలు. కొండదారిలో ఒకడు ఒకసారి 30 కిలోలు మోయగలడనుకొంటే నాలుగు విడతలు. బండి నిలిపినచోటు 5 కిలోమీటర్ల దూరమైతే నాలుగుసార్లు మోతతో దిగాలి, మూడుసార్లు ఖాళీగా ఎక్కాలి. వెరసి 35 కిలోమీటర్లు. ఒక్కడికి అది రెండు రోజుల పని. పైగా మొదటి విడత తరువాత ప్రతిసారీ, తాను లేనప్పుడు ఎవరు వచ్చి ఉన్నారో తెలియని చోటికే తిరిగిపోవాలి. నలుగురు ఉంటే ఒక్క విడతతో సరి. గుర్రాలు, కంచరగాడిదలు ఉంటే దూరం పెంచుకోవచ్చు. కనుక ఎంత దూరం పోవాలనేది ఎల్కు ఎక్కడ ఉన్నదో చూసి కాక, మోసే భుజాలు ఎన్ని ఉన్నవో చూసి నిర్ణయించాలి. పటం ముందు వేసుకొని వేసవిలోనే తేల్చవలసిన విషయమిది.

కోసేటప్పుడు ఒకరు కోస్తే మరొకరు కత్తి ముట్టక నిలబడి చుట్టూ చూస్తూ ఉండాలి. ఇద్దరూ వంగితే కాపలా లేనట్టే. ముందుగా మాంసాన్ని గుడ్డసంచులలో వేసి పేగులకుప్పకు వంద గజాలైనా దూరంగా, దూరంనుంచి కనబడే చోటికి చేర్చాలి. గ్రిజ్లీ అడవులలో నిబంధనల ప్రకారం మాంసాన్ని నేలకు 3 మీటర్ల ఎత్తున, చెట్టు మొదలుకు 1.2 మీటర్లు ఎడంగా వేలాడదీస్తారు. అది నిద్రించే గుడారానికి కూడా దూరంగా ఉండాలి.

చేతిలో ఏమి ఉండాలి? ఇక్కడ మనకు చిరపరిచితమైన పదార్థం ఒకటి కనిపిస్తుంది. ఎలుగుల మీద చల్లే డబ్బాలో ఉండేది మిరపకాయకు కారం ఇచ్చే కాప్సైసిన్, దాని సజాతి పదార్థాలు. నూటికి ఒకటి రెండు పాళ్ళు. గుంటూరు కల్లాలలో మిరపకాయలు ఎగబోసేవారికి దీని ప్రభావం చెప్పనక్కరలేదు. మీట నొక్కితే అది పదిమీటర్ల దరిదాపు వరకు మబ్బువలె వ్యాపించి, ఎలుగు కళ్ళను, ముక్కును, ఊపిరిని మండిస్తుంది. 1985 నుంచి 2006 వరకు అలాస్కాలో జరిగిన సంఘటనలను పరిశీలించగా, దీనిని వాడినప్పుడు గోధుమరంగు ఎలుగులు నూటికి 92 సార్లు తమ ప్రయత్నం మానినట్లు తేలింది. గ్రిజ్లీ ఆ జాతిదే. ఎదురుగాలిలో దీని శక్తి తగ్గుతుంది, మన ముఖాన్నే మండించవచ్చు. అది సంచిలో కాక నడుముకు ఉండాలి, మాంసం కోసేటప్పుడు కూడా.

మరుసటి విడతకు తిరిగివచ్చేటప్పుడు వేటగాడు తన పద్ధతినంతా తలకిందులు చేసుకోవాలి. ఇప్పుడు దాగడం పనికిరాదు. గాలిని వీపున ఉంచుకొని, తన వాసన ముందుగా పోయేటట్లు, గట్టిగా మాట్లాడుతూ రావాలి. దూరాన ఎత్తుమీద ఆగి దుర్బిణితో చూడాలి. సంచులు వేలాడదీసినట్లే ఉండి, కాకులు తాపీగా తింటూ ఉంటే దగ్గరకు పోవచ్చు. కళేబరం కదలి ఉన్నా, దానిమీద మట్టి, గడ్డి, కొమ్మలు కప్పి ఉన్నా గ్రిజ్లీ దానిని తనదిగా చేసుకొన్నదని గుర్తు. అది సమీపంలోనే పొదలో పడుకొని ఉంటుంది. అప్పుడు మాంసం ఎంత మిగిలి ఉన్నా వచ్చిన దారినే, పరుగెత్తకుండా వెనుదిరిగి, అక్కడి వన్యప్రాణిశాఖవారికి తెలియజేయాలి.