సంకర జొన్న విత్తనము: లాభములు, జాగ్రత్తలు

సంకర జొన్న వేసి మంచి పంట తీసిన రైతులలో కొందరు ఆ చేనిలోని పెద్ద కంకులను ఏరి, మరుసటి యేటికి విత్తనముగా దాచుకొనుచున్నారు. నాటు జొన్న విషయమున ఈ పద్ధతి తాతల నాటి నుండి వచ్చుచున్నదే. అందు తప్పు లేదు. సంకర జొన్న విషయమున మాత్రము ఇట్లు చేసినచో నష్టము కలుగును. అందుకు కారణము ఈ క్రింద వివరింపబడినది.

రెండు వేరు వేరు జాతులను తల్లిదండ్రులుగా కలిపి పుట్టించిన మొదటి తరపు విత్తనమునకే సంకర విత్తనమని పేరు. తగిన జంట కుదిరినచో ఆ మొక్క తల్లిని, తండ్రిని మించిన బలముతో పెరిగి హెచ్చు గింజ నిచ్చును. అయితే జొన్న చాల వరకు తన సుంకుతోనే తాను గింజ కట్టు పైరు. కంకిలో వేలకొలది గల పూవుల మగభాగమును చేతితో తీసివేయుట పొలములలో సాధ్యము కాదు. 1954లో అమెరికా దేశపు టెక్సాసు రాష్ట్రమున స్టీఫెన్సు, హాలండు అను శాస్త్రజ్ఞులు మైలో, కాఫిర్ అను జొన్న జాతులను కలిపి, పనిచేయు సుంకు లేని తల్లి మొక్కలను పొందు మార్గమును ప్రకటించిరి. ఆ మార్గముననే మన దేశపు మొదటి సంకర జొన్న యగు సి.ఎస్.హెచ్. 1 తయారై 1964లో విడుదలయ్యెను.

విత్తనపు చేనిలో సాధారణముగా నాలుగు సాళ్లు తల్లి జాతిని, రెండు సాళ్లు తండ్రి జాతిని వేయుదురు. రెండును ఒకే సమయమున పూయవలెను. ఇతర జొన్న చేలు కనీసము 200 మీటర్ల దూరమున నుండవలెను. విత్తనపు వెల హెచ్చుగా నుండుటకు ఈ శ్రమయే కారణము.

మీ చేనిలో పండిన గింజ రెండవ తరమునకు చెందినది. దానిని విత్తినచో తల్లిదండ్రుల గుణములు విడిపోవును. ఒక మొక్క పొడుగుగను, ఒకటి పొట్టిగను పెరుగును. కొన్ని ముందుగను, కొన్ని ఆలస్యముగను ఈనును. కొన్నింటికి సుంకు సరిగా రాదు. దిగుబడి తగ్గును. కావున సంకర విత్తనమును ప్రతి యేట క్రొత్తగా కొనవలసినదే.

ఇతర విషయములు:

1. త్వరగా పండు సంకర జొన్న, వానలు ముందుగా ముగిసిన యేట బెట్టను తప్పించుకొనును. కాని గింజ ముదురు వేళ వానలు పడినచో బూజు పట్టి గింజ నల్లబడును. అట్టి గింజకు వెల రాదు.

2. పునాసలో ఆలస్యముగా విత్తిన పైరునకు మొవ్వు ఈగ బాధ హెచ్చు. తొలి వానలకే విత్తవలెను.

3. పొట్టి రకములలో చొప్ప తక్కువ. పశువులు గల రైతు గింజతో పాటు మేతను కూడ లెక్క చూచుకొనవలెను.

4. నల్లరేగడి భూములలో నిలిచిన పదునుపై పండు మాఘి జొన్నకు పునాస సంకర రకములు తగవు. షోలాపూరు జిల్లా మోహోలులో ఎంపికయైన మాల్దండి ఎం. 35-1 రకము గింజకును, చొప్పకును అక్కడ పేరు గాంచినది.

రైతులు మొదటి యేట పొలమంతయు సంకర జొన్న వేయక, కొంత భాగమున మాత్రము వేసి, ప్రక్కనే నాటు జొన్నను కూడ వేయవలెను. పంట చేతికి వచ్చిన పిమ్మట రెండింటి గింజను, చొప్పను తూచి, విత్తనపు ఖర్చు తీసివేసి, ఏది లాభమో స్వయముగా నిర్ణయించుకొనవలెను. కొనిన విత్తనపు సంచి చీటీని, రసీదును పంట ముగియువరకు భద్రపరుపవలెను. నాటు విత్తనమును ఎన్నడును పూర్తిగా విడువరాదు. సంకర విత్తనము వేళకు అందని యేట మీ భూమి బీడు పడకుండ కాపాడునది అదియే.