లెక్కలు వదిలేద్దామా?



పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ మా స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "మాస్టారూ, ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపు ఏది?" డాక్టరు కావాలనో, ప్లీడరు కావాలనో కోరిక ఉండి అడిగితే సంతోషమే. కాని చాలామంది ఫలానా చోటికి వెళ్ళాలని అడగరు, లెక్కల నుంచి తప్పించుకోవాలని అడుగుతారు.

కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. బొమ్మలు చక్కగా వేసేది. గుడి గోపురం గీస్తే పాళ్ళు తప్పేవి కావు. త్రికోణమితికి భయపడి ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపులో చేరింది. రెండేళ్ళు గడిచాక వచ్చి, "మాస్టారూ, ఆర్కిటెక్చర్ చదవాలని ఉంది" అంది. భవనాలకు రూపకల్పన చేసే ఆ చదువుకు ఇంటర్‌లో గణితం ఉండి తీరాలి. ఈ సంగతి ఆమె పదో తరగతిలో ఉండగానే నేను చెప్పవలసింది. అప్పుడు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఏ తలుపుకు ఏ తాళంచెవి?

ఇంజనీరింగు సంగతి మీకు తెలిసిందే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు జరిపే ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో 160 ప్రశ్నలుంటాయి. అందులో 80 గణితానివే. భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 40. అంటే సగం పరీక్ష లెక్కలదే!

మరి ఇంజనీరింగు వద్దనుకునేవారి మాట? జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్ష చూడండి. రాతపరీక్షకు 900 మార్కులైతే, 300 మార్కుల పేపరు గణితమే. వైమానిక దళంలోకి, నౌకాదళంలోకి వెళ్ళాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం రెండూ చదివి ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సు చదవాలన్నా గణితం కావాలి. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలనుకునేవారికి ఫౌండేషన్ పరీక్షలో గణితం, తర్కం, గణాంకశాస్త్రం కలిసిన పేపరు ఎదురవుతుంది. భౌతికశాస్త్రం వద్దు, లెక్కలు మాత్రం ఉండాలి అనుకునేవారికి ఎం.ఇ.సి. గ్రూపు ఉండనే ఉంది.

సి.బి.ఎస్.ఇ. బడుల్లో చదివేవారు మరొకటి గమనించాలి. 2020 పరీక్షల నుంచి అక్కడ పదో తరగతి గణితం స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాలు. పాఠాలు ఒకటే, ప్రశ్నల స్థాయి వేరు. పైతరగతుల్లో గణితం చదవదలచినవారి కోసం ఉద్దేశించింది స్టాండర్డ్. సులువుగా ఉంటుందని బేసిక్‌కు టిక్కు పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి.

గణితం చదివినవాళ్ళంతా ఇంజనీర్లే కావాలని లేదు. సి.ఆర్.రావుగారి పేరు విన్నారా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే శాస్త్రవేత్త అయ్యారు. 2023లో, తమ 102 ఏళ్ళ వయసులో, ఆ శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి పొందారు.

బైపీసీలో లెక్కలు లేవా?

"మేము డాక్టర్లం కావాలి, మాకు లెక్కలెందుకు?" అంటారు మీలో కొందరు. నిజమే, వైద్యవిద్య కోసం రాసే నీట్‌లో గణితం పేపరు లేదు. కాని 2025 నీట్‌లో 180 ప్రశ్నలకు 45 భౌతికశాస్త్రానివి, 45 రసాయనశాస్త్రానివి. వాటిలో లెక్కలు దాక్కుని ఉంటాయి!

ఒక ఉదాహరణ. పీహెచ్ 5 ఉన్న ద్రావణం ఒకటి, పీహెచ్ 3 ఉన్న ద్రావణం మరొకటి. రెండోదానిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత ఎన్ని రెట్లు ఎక్కువ? రెండు రెట్లు అన్నారా? కాదు, 100 రెట్లు! పీహెచ్ ఒక్క అంకె తగ్గితే గాఢత 10 రెట్లు పెరుగుతుంది. ఇది సంవర్గమానాల లెక్క. గణితం పేరు లేనిచోట కూడా గణితం ఉంటుందని గుర్తుంచుకోండి.

ఏ మెట్టు దగ్గర ఆగారు?

"నాకు లెక్కలు రావు" అని ఎప్పుడూ అనకండి. "ఏ మెట్టు దాకా వచ్చు?" అని అడగండి. గణితం మేడమెట్ల వంటిది. పై మెట్టు మీద కాలు జారిందంటే, తరచు కింద ఎక్కడో ఒక మెట్టు లేదన్నమాట.

చిన్న ప్రయోగం చేద్దాం. ఒక సంఖ్యను అనుకోండి. దాని వర్గంలోంచి 9 తీసివేయండి. వచ్చినదాన్ని, ఆ సంఖ్యలోంచి 3 తీసివేస్తే వచ్చేదానితో భాగించండి. సంఖ్య 3.1 అయితే జవాబు 6.1. సంఖ్య 3.01 అయితే 6.01. మరి సరిగ్గా 3 అయితే? సున్నాను సున్నాతో భాగించవలసి వస్తుంది, అది కుదరదు. కాని సంఖ్య 3కు దగ్గరవుతున్న కొద్దీ జవాబు 6కు దగ్గరవుతోంది, చూశారా? దీన్నే ఇంటర్‌లో "అవధి" అంటారు.

ఎందుకిలా జరిగింది? పైన ఉన్నది రెండు వర్గాల భేదం. దాన్ని "సంఖ్య కూడిక 3", "సంఖ్య తీసివేత 3" అనే రెండు కారణాంకాల లబ్ధంగా రాయవచ్చు. రెండోది కింద ఉన్నదానితో కొట్టుకుపోతుంది. మిగిలేది సంఖ్యకు 3 కలిపితే వచ్చేదే. మరి కారణాంక విభజన ఎక్కడ నేర్చుకున్నారు? ఎనిమిదో తరగతిలో! ఇంటర్ విద్యార్థి "అవధులు కష్టం" అంటాడు. నిజానికి అతను ఆగిపోయింది ఎనిమిదో తరగతి మెట్టు దగ్గర.

ఇంకొక చిక్కు ఉంది. ఇంటర్‌లో చేరిన కొద్ది వారాలకే భౌతికశాస్త్రం మాస్టారు వేగం, త్వరణం చెబుతూ అవకలనం వాడేస్తారు. గణితం మాస్టారు ఆ పాఠానికి ఇంకా రానే రారు! పదో తరగతి రేఖాచిత్రాలు, వాలు, సైన్, కొసైన్ బాగా వచ్చినవారు ఈ మధ్యకాలాన్ని ఈదగలుగుతారు. రానివారు భౌతికశాస్త్రమే కష్టమనుకుని బెంగపెట్టుకుంటారు.

వెనక నుంచి ముందుకు

ఇక మీరు చేయవలసిన పని. ఒక కాగితం తీసుకోండి. పైన, మీకు ఇష్టమైన చదువులు రెండు మూడు రాయండి. ప్రతిదాని కింద, దానికి ఇంటర్‌లో ఏయే సబ్జెక్టులు కావాలో రాయండి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటన చూసి సరిపోల్చుకోండి. ఆ కింద, వర్గసమీకరణాలు, శ్రేఢులు, నిరూపక జ్యామితి, త్రికోణమితి, సంభావ్యత అని వరసగా రాయండి. ఒక్కోదానిలో ఐదు లెక్కలు పుస్తకం మూసి చేయండి. తప్పినచోట గుర్తు పెట్టండి. అక్కడి నుంచి తొమ్మిదో తరగతి పుస్తకానికి, అవసరమైతే ఎనిమిదికి దిగండి. దిగడానికి సిగ్గుపడకండి. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే, పదో తరగతి తర్వాత వచ్చే వేసవి సెలవులు విరిగిన మెట్లు చాలావరకు బాగుచేసుకోవడానికి సరిపోతాయి.

ఆ కాగితం చూసుకున్నాక కూడా మీ మనసు చరిత్ర మీదనో, సాహిత్యం మీదనో ఉంటే నిశ్చింతగా అటే వెళ్ళండి. అది మీరు ఎంచుకున్న దారి. భయం ఎంచిన దారిలో మాత్రం వెళ్ళకండి.

చివరగా ఒక లెక్క. ఒక సంఖ్య ఘనంలోంచి 8 తీసివేసి, ఆ సంఖ్యలోంచి 2 తీసివేస్తే వచ్చేదానితో భాగించండి. సంఖ్య 2కు దగ్గరవుతుంటే జవాబు దేనికి దగ్గరవుతుంది? ముందు 2.1తో, తర్వాత 2.01తో చేసి చూడండి. 12 అని తేలితే, ఇంటర్ గణితంలో మొదటి మెట్టు మీరు అప్పుడే ఎక్కేశారన్నమాట!