సింహాసనానికి ముందు ఖుర్రం: ఒక ఆంగ్ల రాయబారి ఆశలు, భయాలు

ఒక దేశంలో కొత్త నాయకుడు ముందుకు వస్తున్నప్పుడు, ఆ దేశ ప్రజలతో పాటు బయటి దేశాలవారు కూడా ఆయనను జాగ్రత్తగా గమనిస్తారు. మనతో స్నేహంగా ఉంటాడా, మన వ్యాపారాన్ని సాగనిస్తాడా, మన మతస్థులను ఎలా చూస్తాడు అని లెక్కలు వేసుకుంటారు. అలాంటి లెక్కలతో నిండిన ఉత్తరాలే తరువాతి కాలంలో చరిత్రకు ఆధారాలవుతాయి. మరి వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? నాలుగు వందల ఏళ్ల క్రితం సూరత్ దగ్గర దిగిన ఒక ఆంగ్ల రాయబారిని ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

సూరత్‌లో తొలి అనుభవం

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ ఆనాడు మొఘల్ సామ్రాజ్యానికి పడమటి సముద్ర ద్వారం. మక్కా యాత్రికులు ఇక్కడి నుంచే ఓడ ఎక్కేవారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613 నాటికి ఈ పట్టణంలో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ రాయబారిగా సర్ థామస్ రో సమీపంలోని సువాలి రేవులో దిగాడు. జహంగీర్ చక్రవర్తితో స్థిరమైన వర్తక ఒప్పందం కుదుర్చుకోవడం ఆయనకు అప్పగించిన పని.

అడుగు పెట్టగానే చిక్కు వచ్చింది. వచ్చినవారందరినీ సోదా చేయడం రేవు ఆచారమని అధికారులు అన్నారు. రాజప్రతినిధిని సోదా చేయడం అవమానమని రో పట్టుబట్టాడు. అప్పట్లో సూరత్ జహంగీర్ మూడో కుమారుడైన ఖుర్రంకు జాగీరుగా ఉండేది. జాగీరు అంటే ఒక ప్రాంతంపై వచ్చే ఆదాయాన్ని అనుభవించే హక్కు. అక్కడి పాలనాధికారి జుల్ఫికర్ ఖాన్ ఖుర్రం మనిషి. అంటే రో ఖుర్రంను కళ్లారా చూడకముందే, ఆయన అధికారులతో పడిన తగాదాల ద్వారా ఆయనను ఎరిగాడన్నమాట. ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

ఇద్దరు రాజకుమారులు

1616 జనవరిలో రో అజ్మీరులో జహంగీర్ దర్బారుకు చేరాడు. అప్పటికి ఖుర్రం వయసు 24 ఏళ్లు. చక్రవర్తి భార్య నూర్జహాన్, ఆమె సోదరుడు ఆసఫ్ ఖాన్ ఆయనకు అండగా ఉన్నారు. ఆసఫ్ ఖాన్ కుమార్తెనే ఖుర్రం 1612లో పెళ్లాడాడు. పెద్ద కుమారుడు ఖుస్రూ 1606లో తండ్రిపై తిరుగుబాటు చేసి ఓడిపోయి, చూపు దెబ్బతిని, నిర్బంధంలో ఉన్నాడు. 1616 చివరలో ఆయనను ఆసఫ్ ఖాన్ కాపలాకు అప్పగించారు. వారసత్వం ఎటు మొగ్గుతోందో అందరికీ అర్థమైంది.

రో తన ఆశ, తన భయం రెండూ రాసిపెట్టాడు. ఖుస్రూ రాజైతే ఈ దేశం క్రైస్తవులకు ఆశ్రయంగా ఉంటుందని, ఖుర్రం గెలిస్తే తాము నష్టపోతామని ఆయన అంచనా. ఖుర్రంను గర్విష్టిగా, క్రైస్తవ ద్వేషిగా చిత్రించాడు. అయితే 1617 ఆరంభంలో దర్బారు ప్రయాణంలో ఉండగా రోకు ఖుస్రూ ఎదురుపడ్డాడు. ఇంగ్లీషువారి సంగతి గాని, వారి రాయబారి ఒకడు వచ్చి ఉన్నాడన్న సంగతి గాని ఆ రాజకుమారుడికి తెలియదు! రో ఎవరిపై ఆశ పెట్టుకున్నాడో ఆయనకు రో ఎవరో తెలియదు.

తరువాత ఏం జరిగింది?

రో కోరిన పూర్తి ఒప్పందం దొరకలేదు. కానీ 1618లో గుజరాత్ పాలన ఖుర్రం చేతికి వచ్చాక, ఆయన నుంచే ఇంగ్లీషువారు సూరత్‌లో వర్తకం చేసుకునే అనుమతులు పొందారు. ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, కొనడానికి గాని కట్టడానికి గాని వీలులేదు. భయపడిన మనిషి నుంచే లాభం వచ్చింది. 1619లో రో స్వదేశానికి బయలుదేరాడు.

ఖుస్రూ 1622లో ఖుర్రం నిర్బంధంలోనే మరణించాడు. ఆ ఏడాదే ఖుర్రం తండ్రిపై తిరగబడ్డాడు. ఓడిపోయి గోల్కొండ రాజ్యం మీదుగా మచిలీపట్నం చేరి, అక్కడి నుంచి ఒరిస్సా, బెంగాల్ వైపు సాగిపోయాడు. 1628లో ఆగ్రాలో షాజహాన్‌గా సింహాసనం ఎక్కాడు.

రో భయం కొంత నిజమైంది. 1632లో షాజహాన్ సైన్యం హుగ్లీలోని పోర్చుగీసు స్థావరాన్ని పట్టుకుని, అక్కడివారిని బందీలుగా ఆగ్రాకు తరలించింది. అయితే ఇంగ్లీషు వర్తకం ఆగలేదు. సూరత్ వర్తకాన్ని ఎక్కువగా దెబ్బతీసింది రాజు స్వభావం కాదు, 1630లో వానలు లేక మొదలైన గుజరాత్ కరువు. ఎందరో నేతగాళ్లు ఆకలితో చనిపోయారు, మిగిలినవారు వలసపోయారు.

మరో సంఘటన చూడండి. 1636లో సూరత్‌లో కంపెనీ అధ్యక్షుడైన విలియం మెథ్‌వొల్డ్‌ను అధికారులు నిర్బంధించారు. ఈయన అంతకుముందు మచిలీపట్నంలో పనిచేసి గోల్కొండ రాజ్యం గురించి రాసినవాడు. కంపెనీకి పోటీగా ఇంగ్లండు నుంచి వచ్చిన ఓడలు ఎర్ర సముద్రంలో ఇక్కడి వర్తకుల ఓడలను దోచుకోవడమే ఇందుకు కారణం. కంపెనీ నష్టపరిహారం కట్టవలసి వచ్చింది. కంపెనీ దృష్టిలో ఇది దౌర్జన్యం. సరుకు పోగొట్టుకున్న సూరత్ వర్తకుల దృష్టిలో న్యాయం.

మనం గ్రహించవలసినది

రో అబద్ధాలకోరు కాడు. చూసినది శ్రద్ధగా రాశాడు. కానీ మంచి రాజు అంటే ఆయన దృష్టిలో ఇంగ్లీషువారికి మేలు చేసే రాజు. ఖుర్రం వస్తే రైతు శిస్తు పెరుగుతుందా, నేతగాడికి కూలి దక్కుతుందా అన్నవి ఆయన పని కిందికి వచ్చే ప్రశ్నలు కావు. విదేశీయుడి ఉత్తరంలో దర్బారు కనిపించినంత స్పష్టంగా ఊరు కనిపించకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఒక నాయకుడిపై బయటివారి అభిప్రాయాన్ని, పాత ఉత్తరంలో గాని నేటి పత్రికలో గాని, చదివేటప్పుడు ముందుగా మూడు విషయాలు అడగాలి. రాసినవాడికి ఏం కావాలి? ఎవరితో మాట్లాడి రాశాడు? ఎవరిని అడగలేదు? ఈ మూడింటికీ జవాబు వెతికితే ఆ అభిప్రాయంలో నాయకుడి గురించిన సమాచారం ఎంతో, రాసినవాడి అవసరం ఎంతో విడదీసి చూడవచ్చు.