గాలిలో సీసా, గ్లాసులో కొలత

పానీయాలు కలిపి అందించే బల్ల వెనుక నిలబడి, సీసాలను, కలిపే డబ్బాలను, గ్లాసులను ఎగరేసి పట్టుకుంటూ, చేతుల మీద నిలబెడుతూ, ఆ కదలికల నడుమనే పానీయాన్ని తయారుచేసి అతిథి ముందుంచే విద్యను ఫ్లేర్ బార్‌టెండింగ్ అంటారు. చూపరుల కళ్లు పైకెగిరిన సీసా మీదే నిలిచినా, దాని విలువను తేల్చేది మాత్రం కిందనున్న గ్లాసు. సీసా ఎంత చక్కగా తిరిగినా కొలత తప్పితే, బల్ల మీద నాలుగు చుక్కలు ఒలికితే, ఆ పని చెడినట్టే లెక్క. బంతులు ఎగరేసే సర్కసు కళతో దీనికి పోలికలెన్ని ఉన్నా, దీన్ని వేరే విద్యగా నిలబెట్టేది ఈ షరతే.

పానీయం కలపడాన్ని కనువిందుగా మలచిన తొలితరం వారిలో అమెరికాకు చెందిన జెర్రీ థామస్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన 1862లో వెలువరించిన పుస్తకం ఆ దేశంలో ఈ వృత్తికి తొలి మార్గదర్శిగా పేరు పొందింది. అందులో వివరించిన ‘బ్లూ బ్లేజర్’ అనే పానీయానికి విస్కీని, మరిగే నీటిని కలిపి నిప్పంటించి, మండుతున్న ఆ ద్రవాన్ని రెండు లోహపు పాత్రల మధ్య నాలుగైదుసార్లు తిరగబోయాలి. అప్పుడది నిప్పుల ధారలా కనిపిస్తుంది. మన టీ కొట్లలో ఒక చేయి పైకెత్తి, ఒక చేయి కిందికి దించి టీని తిరగబోసే వారిని చూసినవారికి ఆ ఒడుపు ఎలాంటిదో విడిగా చెప్పనక్కరలేదు. మరింత గమనించదగిన సంగతేమిటంటే, కొత్తగా నేర్చుకునేవారు కొంతకాలం చన్నీళ్లతో సాధన చేయాలని, లేకుంటే ఒళ్లు కాలుతుందని ఆ పుస్తకమే హెచ్చరిస్తుంది. నేటి శిక్షణకూ మొదటి మెట్టు ఆ చన్నీళ్లే.

ఈ విద్య ఇప్పటి రూపానికి రావడంలో టీజీఐ ఫ్రైడేస్ అనే అమెరికన్ రెస్టారెంట్ల సంస్థకు పెద్ద పాత్ర ఉంది. ఉద్యోగులు సరదాగా మొదలుపెట్టిన సీసాల విన్యాసాలను ఆ సంస్థ ప్రోత్సహించి, 1986లో వారికి పోటీ పెట్టింది. ఆ పోటీల్లో పేరు తెచ్చుకున్న జాన్ బాండీ, 1988లో విడుదలైన ‘కాక్‌టెయిల్’ చిత్రం కోసం నటుడు టామ్ క్రూజ్‌కు శిక్షణ ఇచ్చాడు. ఆ చిత్రంతో ఈ విద్య ప్రపంచమంతటికీ తెలిసింది.

ఫ్లేర్‌లో రెండు పాయలున్నాయి. రద్దీ వేళ, నిండు సీసాలతో, అతిథిని వేచి ఉంచకుండా చేసే చిన్నచిన్న విన్యాసాలను వర్కింగ్ ఫ్లేర్ అంటారు. సంగీతానికి తగ్గట్టు ముందే కూర్చుకున్న కదలికలతో, సీసాలో కొద్దిపాటి ద్రవమే ఉంచి వేదిక మీద చేసేది ఎగ్జిబిషన్ ఫ్లేర్. సీసాలో కొంచెమే ఉంచడాన్ని కొందరు మోసంగా భావిస్తారు గానీ, అందుకు గట్టి కారణమే ఉంది. గాలిలోకి విసిరిన ఏ వస్తువైనా తన గరిమనాభి చుట్టూ, అంటే బరువంతా కేంద్రీకృతమైనట్టు ప్రవర్తించే బిందువు చుట్టూ తిరుగుతుంది. సీసాకు అడుగు బరువు, మెడ తేలిక కాబట్టి ఆ బిందువు నడుముకు దిగువన ఉంటుంది. నీళ్లున్న చెంబును చేయి చాచి గిరగిరా తిప్పినప్పుడు నీళ్లు అడుక్కి అదుముకుని ఒలకకుండా ఉన్నట్టే, ఆ బిందువుకు దిగువనున్న కొద్దిపాటి ద్రవం తిరిగే సీసాలో అడుగునే అంటిపెట్టుకుని ఉంటుంది. ద్రవం మట్టం ఆ బిందువును దాటిందంటే పైభాగంలోని ద్రవం మెడ వైపు తోసుకొచ్చి, పోయడానికి మూతికి బిగించిన సన్నని గొట్టం గుండా చిమ్ముతుంది. అందుకే నిండు సీసాతో పనిచేసేవారు పల్టీలు తగ్గించుకుంటారు, లేదా ఆ గొట్టాన్ని వేలితో మూసి తిప్పుతారు.

సాధన ఒక్క సీసాతో మొదలవుతుంది. మెడ పట్టుకుని, మణికట్టును మాత్రమే కదిలించి, సీసా ఒక్క పల్టీ కొట్టి తిరిగి మెడ చేతికి అందేలా విసరడం తొలి పాఠం. పట్టుకోవడానికి వ్యవధి చాలక నేర్చుకునేవారు సీసాను మరింత ఎత్తుకు విసురుతారు. ఆ మార్గం కలిసిరాదు. 45 సెంటీమీటర్ల ఎత్తుకు విసిరిన సీసా అదే చేతికి చేరడానికి సుమారు 0.6 సెకను పడితే, ఆ వ్యవధిని రెట్టింపు చేసుకోవడానికి సీసాను నాలుగింతల ఎత్తుకు, అంటే 1.8 మీటర్లకు విసరాలి; ఎత్తు పెరిగేకొద్దీ విసురులోని చిన్న వంకర కూడా కింద జానెడు దూరమవుతుంది. తక్కువ ఎత్తులో ప్రతిసారీ ఒకే తీరుగా విసరగలిగినప్పుడే చేయి తిరిగిందనాలి. స్టాల్ అనే విన్యాసం, అంటే దిగివస్తున్న సీసాను ముంజేతి మీదనో అరచేతి వెనుకనో నిట్టనిలువుగా నిలబెట్టడం, మరో రకం ఓర్పును కోరుతుంది. చేతిని బిగించి ఉంచితే సీసా ఎగిరి పడుతుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవారు చేతులను బంతితోపాటు వెనక్కి తీసుకున్నట్టు, సీసా దిగే వేగంతోనే చేయీ దిగుతూ దాని ఊపును తనలోకి తీసుకోవాలి. ఇది అలవడేదాకా సీసా కిందపడుతూనే ఉంటుంది గనుక, సాధకులు గాజు సీసా బరువుకు సరితూగే ప్లాస్టిక్ సీసాలను వాడతారు. పరుపు మీదనో, పచ్చిక మీదనో, రబ్బరు చాప మీదనో నిలబడి సాధన చేస్తారు. తరవాత గాజుకు మళ్లినప్పుడు, పగిలినా పెంకులు చెదరకుండా సీసాకు టేపు చుట్టుకుంటారు. వేళ్ల మీది గాయాలు, మణికట్టు నొప్పి ఈ విద్యలో అందరూ చెల్లించే రుసుమే.

పోటీల లోకంలో లాస్ వేగాస్, లండన్ నగరాలకు ప్రత్యేక స్థానముంది. అర్జెంటీనాకు చెందిన క్రిస్టియన్ డెల్పెక్ అనేక అంతర్జాతీయ పోటీలు గెలిచి ఒక తరానికి ఆదర్శంగా నిలిచాడు. ఇంగ్లండులో 1951లో ఏర్పడిన అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం నిర్వహించే ప్రపంచ పోటీల్లో ఫ్లేర్ ఒక విభాగం. పోటీదారుకు సాధారణంగా కొద్ది నిమిషాల గడువే ఉంటుంది; ఆ కాసేపట్లో విన్యాసాల కష్టం, వైవిధ్యం, కొత్తదనం, సంగీతంతో పొందిక, చూపరులను ఆకట్టుకునే తీరు పరిశీలించి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. పడేయడం, ఒలకబోయడం, పగలగొట్టడం అనే మూడు తప్పులకు మార్కులు కోస్తారు. పోటీదారు నిజమైన శిక్షణ బయటపడేది ఇక్కడే: సీసా జారిన మరుక్షణం ముఖం వాడిపోకుండా, బల్ల మీది మరో సీసా అందుకుని, సంగీతంలో తప్పిన చోటును వెతికి పట్టుకుని కొనసాగాలి. పడిన తరవాత ఏం చేయాలో కూడా ముందే సాధన చేసినవారికే అది సాధ్యం.

భారతదేశంలో ఈ వృత్తి దారి అంత సులువుగా తెరుచుకోలేదు. బహిరంగంగా మద్యం సేవించే చోట స్త్రీలనూ, 25 ఏళ్లు నిండని పురుషులనూ పనిలో పెట్టుకోరాదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని 30వ సెక్షన్ ఢిల్లీలో చాలాకాలం అమలైంది. అనుజ్ గర్గ్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే ఆ అడ్డు పూర్తిగా తొలగింది. కీళ్లు చురుకుగా ఉండే వయసులోనే ఒడుపు అలవడే ఈ విద్యకు ఆ తీర్పు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ముంబైలో శత్‌భీ బసు 1999లో నెలకొల్పిన శిక్షణ సంస్థ, ఫ్లేర్ ప్రదర్శనల్లో అమీ ష్రాఫ్ సంపాదించుకున్న పేరు స్త్రీలకు ఈ రంగంలో చోటుందని నిరూపించాయి.

తెలుగునాట మద్యం మాట వినగానే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం గుర్తుకు రావడం సహజం, న్యాయం కూడా. ఆ ఉద్యమం నడిపిన తల్లుల వేదనను ఏ కళా తక్కువ చేయలేదు. అయితే సీసాను తిప్పే చేతి నేర్పుకు అందులోని మద్యంతో పనిలేదు. పెళ్లి వేడుకల్లో పళ్లరసాలు, సోడా కలిపి మాక్‌టెయిల్స్ అనే మద్యం లేని పానీయాలు అందించే బల్లల వెనుక ఇదే విద్య పిల్లల కేరింతల మధ్య కొనసాగగలదు. కొలత నియమం అక్కడా మారదు. కొలపాత్ర వాడకుండా మనసులో అంకెలు లెక్కపెడుతూ ధారగా పోసే పద్ధతిని ఫ్రీ పోర్ అంటారు. అంకెకు దాదాపు 15 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు అంకెలకు 60 మిల్లీలీటర్లు, అంటే మన లెక్కలో ఒక పెద్ద పెగ్గు, పడేలా నీళ్లు పోసి కొలచి చూసుకుంటూ సాధన చేస్తారు. చిక్కటి చక్కెర పాకమో పళ్ల సిరప్పో అదే గొట్టం గుండా నీళ్లకంటే నెమ్మదిగా జారుతుంది గనుక, నాలుగు అంకెలకు తక్కువే పడుతుంది. అందువల్ల విన్యాసాలన్నీ వచ్చినవారు సైతం సిరప్ సీసా చేతబట్టిన నాడు కొలపాత్ర ముందు పెట్టుకుని, ఆ సీసాకు ఎన్ని అంకెలో మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి.